బెల్జియంలో సైకిల్ రేసులు తొక్కుతూ బతకడం ఎలా ఉంటుంది? ఆరు లక్షలు సరిపోతాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 23, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన ఉన్న 23 కిలోమీటర్ల సోలార్ ట్రాక్ మీద రోజూ తెల్లవారుజామున తొక్కుతారు, రాష్ట్ర స్థాయి రోడ్ రేసుల్లో రెండుసార్లు పోడియం ఎక్కారు. ఉద్యోగం మానేసి ఏడాది పాటు బెల్జియంలో ఉండి రేసులు తొక్కాలని ఉంది. ఆరు లక్షలు దాచారు. అక్కడ రోజులు ఎలా గడుస్తాయి, డబ్బు సరిపోతుందా, ప్రో (జీతం తీసుకునే ప్రొఫెషనల్ రేసర్) అయ్యే దారి ఉందా అని ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. వెళ్లండి. కానీ ఏడాదికి కాదు, 80-85 రోజులకు. ఉద్యోగం మానేయకండి, జీతం లేని సెలవు అడిగి చూడండి. ఆరు లక్షలు మూడు నెలలకు సరిపోతాయి, పొదుపుగా ఉంటే కొంత మిగులుతుంది కూడా. ఏడాదికి మాత్రం చాలవు. ప్రో అవుతారా అంటే, కారు. అది తెలిసి కూడా రావాలనిపిస్తే మిగతాది చదవండి.

నా సంగతి కొంచెం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. 2012లో చదువుకోవడానికి బెల్జియంలోని గెంట్ నగరానికి వచ్చాను, ఆ పక్క వీధిలోని సైకిల్ క్లబ్బు పుణ్యమా అని చదువు కన్నా రేసులే ఎక్కువ చేశాను. నాలుగు సీజన్లు 'ఎలీట్ జోండర్ కాంట్రాక్ట్' విభాగంలో తొక్కాను. అంటే ఏ జట్టుతోనూ జీతం ఒప్పందం లేని పెద్దవాళ్ల విభాగం. నా మొత్తం కెరీర్‌లో గొప్ప ఫలితం ఒక పద్నాలుగో స్థానం. కాబట్టి నేను చెప్పేది గెలిచినవాడి మాటలు కావు, నెగ్గుకొచ్చినవాడి మాటలు. ఇప్పుడు రేసులు లేవు, వేసవిలో ఇండియా నుంచి వచ్చే కుర్రాళ్లకి మా మేడ మీద గది ఇస్తుంటాను. వాళ్లు చేసే తప్పులు, నేను చేసిన తప్పులు దాదాపు ఒకటే.

80 రోజులే ఎందుకు

బెల్జియంతో పాటు చాలా యూరప్ దేశాలకి ఉమ్మడిగా ఇచ్చే షెంగెన్ షార్ట్ స్టే వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండటానికి లేదు. వీసా ఫారంలో ప్రయాణ ఉద్దేశం అన్న చోట 'స్పోర్ట్స్' అనే గడి ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని చూడకుండా టూరిజం దగ్గర టిక్కు పెట్టేస్తారు. మీరు ఉన్నదున్నట్టు రాయండి, దానికి తోడు ఒక క్లబ్బు నుంచో, మీకు గది ఇచ్చేవాళ్ల నుంచో ఆహ్వాన పత్రం పెట్టండి. 90కి 90 రోజులూ వాడేయకుండా ఓ వారం చేతిలో ఉంచుకోమనడానికి కారణం, భుజం ఎముక విరిగితే మర్నాడే విమానం ఎక్కలేరు.

ఏడాది ఉండాలంటే లాంగ్ స్టే వీసా కావాలి. జీతం లేని అమెచ్యూర్ రేసర్‌కి 'నేను సైకిల్ తొక్కడానికి వస్తున్నాను' అంటే అది దొరకడం కష్టం. నాలా చదువు దారిలో వచ్చినవాళ్లే ఎక్కువ. ఆ దారిలో వస్తే వచ్చిన ఎనిమిది పనిదినాల్లో మున్సిపాలిటీలో నమోదు చేసుకోవాలి, ఆ తర్వాత మీరు నిజంగా ఆ ఇంట్లోనే ఉంటున్నారా అని చూడటానికి ఏరియా పోలీసు ఇంటికొస్తాడు. మా ఇంటికి వచ్చిన రోజు నేను హాల్లో తొట్టి పెట్టుకుని చైన్ కడుగుతున్నాను. చేతుల నిండా నల్లటి గ్రీజు. ఆయన పాస్‌పోర్టు కన్నా ముందు ఏ క్లబ్బు అని అడిగాడు. ఫ్లాండర్స్‌లో, అంటే గెంట్ ఉన్న ఈ ఉత్తర బెల్జియంలో, సైకిల్ గురించి అభిప్రాయం లేని మనిషిని ఇంతవరకూ చూడలేదు.

లైసెన్సు సంగతి: మూడు నెలలకు వచ్చేవాళ్లు సైక్లింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నుంచి యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) లైసెన్సు, దాంతో పాటు విదేశాల్లో రేసు చేయడానికి అనుమతి పత్రం తెచ్చుకోవాలి. ఆ పత్రం లేకుండా వచ్చి, పేరు రాయించుకునే బల్ల దగ్గర నుంచి వెనక్కి వెళ్లిపోయినవాణ్ని నేను స్వయంగా చూశాను. ఇక్కడే స్థిరంగా ఉండేవాళ్లకి లైసెన్సు బెల్జియం ఫెడరేషనే ఇస్తుంది, ఎందుకంటే లైసెన్సు నివాసాన్ని బట్టి. జాతీయత మాత్రం మనదే ఉంటుంది.

ఇంకొకటి. మీరు అండర్-23లో తొక్కుతానని రాశారు. ఆ విభాగం 22 ఏళ్లు నిండే సంవత్సరంతో అయిపోతుంది. 23 అంటే మీరు ఎలీట్. రేసులు చాలావరకు రెండు విభాగాలకూ కలిపే పెడతారు కాబట్టి పెద్ద తేడా ఉండదు, దరఖాస్తులో తప్పు రాయకండి, అంతే.

అసలు ఏ రేసులు తొక్కుతారు

టీవీలో కనిపించే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ కాదు. అది 1913 నుంచి నడుస్తున్న ప్రో రేసు, మనం రోడ్డు పక్క నిలబడి చూడటమే. మనకి దొరికేవి 'కెర్మిస్ కూర్స్'లు. కెర్మిస్ అంటే ఊరి జాతర. మన దగ్గర జాతరకి ఎడ్ల పందేలు పెట్టినట్టు ఇక్కడ ఊరి జాతరకి సైకిల్ రేసు పెడతారు. చర్చి దగ్గర మొదలు, ఏడెనిమిది కిలోమీటర్ల చుట్టు, అలా పద్నాలుగు పదిహేను చుట్లు. మొత్తం 110-120 కిలోమీటర్లు. మార్చి నుంచి అక్టోబరు దాకా జరుగుతూనే ఉంటాయి, జులై ఆగస్టుల్లో అయితే మంగళ, బుధ వారాల్లో కూడా ఏదో ఒక ఊళ్లో రేసు ఉంటుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటలకి మొదలు.

పేరు రాయించుకునేది కాఫీ-బీరు కొట్టులో. లైసెన్సు చూపించి, కొద్ది యూరోలు కట్టి, నంబరు తీసుకోవడం. నంబరుకి డిపాజిట్ ఉంటుంది, తిరిగిస్తే డబ్బు తిరిగిస్తారు. మొదటి ఇరవై ముప్పై మందికి దాకా ఎంతో కొంత ప్రైజు, కవర్లో నోట్లు పెట్టి అదే కొట్టులో ఇస్తారు. కొన్ని ఊళ్లలో ఇప్పటికీ నల్లబల్ల మీద సుద్దతో రేట్లు రాసి పందేలు కాసేవాళ్లు కనిపిస్తారు. మీ పేరు ఎదురుగా ఉండే రేటు చూసి బాధపడకండి.

బట్టలు మార్చుకోవడానికి గది ఉంటుందనుకోవద్దు. కారు డిక్కీ వెనక, లేదంటే ఆ ఊరివాళ్లెవరైనా తమ గ్యారేజీ తెరిచి పెడతారు. రేసయ్యాక అక్కడే బకెట్టు నీళ్లతో కాళ్లు కడుక్కోవడం. ఒక పెద్దావిడ గ్యారేజీలో ఆరేడుసార్లు మార్చుకున్నాను. పాత సోఫా, బంగాళాదుంపల బస్తాలు, గోడ మీద వాళ్లాయన కుర్రతనంలో రేసు గెలిచిన ఫొటో. బకెట్లో వేణ్ణీళ్లు పోసిచ్చేది. తను మాట్లాడే భాష నాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. నా మోకాళ్లు చూసి నాలుక చప్పరించేది, అది మాత్రం అర్థమయ్యేది.

నా తొలి రేసు సంగతి చెప్తే మీకు అంచనా దొరుకుతుంది. మన దగ్గర రేసుల్లో మొదటి గంట కబుర్లు చెప్పుకుంటూ వెళ్లి చివర్లో స్పీడు పెంచుతారు. ఇక్కడ విజిల్ ఊదగానే గంటకు యాభై. చర్చి మలుపు, ఒక ఇరుకు సందు, కాంక్రీటు పలకల రోడ్డు, మళ్లీ మలుపు. ప్రతి మలుపు తర్వాత లేచి నిలబడి స్ప్రింట్. నేను గుంపు వెనకాల ఉన్నాను, ముందువాళ్లు మలుపు తిరిగి వేగం అందుకునే సరికి నేనింకా బ్రేకుల మీదే ఉన్నాను. ఇరవై రెండు నిమిషాలు. మూడో చుట్టులో గాలి పక్క నుంచి తగిలింది, అంతే, గుంపు తెగింది, నేను తోక వైపు ఉండిపోయాను. కాసేపటికి రేసు కారులోంచి చెయ్యి ఊపి పక్కకి తప్పుకోమన్నారు. కొట్టుకెళ్లి నంబరు ఇచ్చేస్తుంటే ఒక ముసలాయన గ్లాసు దించి 'రేపు ఇంకో రేసుందిగా' అన్నాడు. ఓదార్పు ఏమీ కాదది, సమాచారం. పక్కూళ్లో నిజంగానే ఉంది.

అందుకే తొలి సీజన్‌లో రేసు పూర్తి చేయడమే ఫలితం అనుకోండి. సగం మంది పూర్తి చేయరు. నేను పదకొండో ప్రయత్నంలో పూర్తి చేశాను. చేయాల్సింది ఒకటే, మొదలు పెట్టేటప్పుడు ముందు వరసల్లో నిలబడటం. అరగంట ముందే వెళ్లి చలికి వణుకుతూ అయినా నిలబడండి. పక్క గాలిలో గుంపు వేసే వాలు వరసని 'వాయర్' అంటారు, విసనకర్ర అని అర్థం. గాలి ఎడమ నుంచి వస్తే ఒక్కొక్కరు కుడి పక్కకి జరిగి నీడ తీసుకుంటారు. రోడ్డు వెడల్పు అయిపోయాక మిగిలినవాడికి నీడ ఉండదు, రోడ్డు అంచు గట్టర్లో ఒంటరిగా గాలి తింటాడు. ఓఆర్ఆర్ ట్రాక్ మీద ఎంత తొక్కినా ఇది రాదు. ఇక్కడ పదిసార్లు గట్టర్లో పడితే వస్తుంది.

స్థానికులు తమలో తాము 'కంబైన్' కడతారని వింటారు. అవును, వేరు వేరు జట్లవాళ్లు కూడబలుక్కుని ప్రైజు పంచుకోవడం ఇక్కడ పాత అలవాటు. మీకు దాంతో పని లేదు. వాళ్లు ఎవరిని వదిలేస్తున్నారో, ఎవరి వెనక పడుతున్నారో చూస్తే సరైన గుంపు ఏదో తెలుస్తుంది. అంతవరకే వాడుకోండి.

రేసు మూడు గంటలు, మిగతా ఇరవై ఒకటి

మీ ప్రశ్నలో అసలు విషయం ఇది. వాట్స్ (తొక్కే శక్తి కొలత), హార్ట్ రేటు గురించి కుర్రాళ్లు గంటలు మాట్లాడతారు. ఇంటికి తిరిగెళ్లిపోయినవాళ్లలో కాళ్లలో బలం లేక వెళ్లినవాళ్లు తక్కువ. గిన్నెలు, బట్టలు, వాన, ఒంటరితనం, వీటికి ఓడిపోయి వెళ్లినవాళ్లే ఎక్కువ. మనలో చాలామందికి ఇంటి దగ్గర అమ్మ వండి పెడుతుంది, బట్టలు వాషింగ్ మెషిన్‌లో ఎవరో వేస్తారు, సైకిల్ సర్వీసింగ్‌కి షాపులో పడేస్తాం. ఇక్కడ అన్నీ మీరే.

వాన రోజు రేసు తర్వాత సాయంత్రం ఇలా ఉంటుంది. ఇంటికి రాగానే కూర్చోకూడదు. కూర్చుంటే లేవలేరు. ముందు సైకిల్. ఇక్కడి వాన మన కుంభవృష్టి కాదు, రోజంతా వదలని ముసురు. రోడ్డు మీద పొలాల మట్టి, ఆవు పేడ, ఇసుక కలిసి ఒక బూడిద రంగు పేస్టు తయారవుతుంది. అది చైన్‌లో పడి రాత్రంతా ఉంటే మర్నాడు కిర్రుమంటుంది. నీళ్లు, డిష్ వాష్ సబ్బు, బ్రష్, గుడ్డ, ఆయిల్, పావుగంట పని. తర్వాత బూట్లలో అట్టలు తీసేసి పాత న్యూస్ పేపర్లు ఉండలు చుట్టి కుక్కడం, రెండు గంటలకోసారి తడిసిన కాగితం మార్చడం. బట్టలు ముందు బకెట్లో నానబెట్టకపోతే మెషిన్ ఇసుకతో నిండిపోతుంది, ఇంటి ఓనరు ముఖం మాడిపోతుంది. అప్పుడు స్నానం. అప్పుడు అన్నం. మర్నాటి రేసు ఉంటే తొమ్మిదిన్నరకి పడక, జూన్‌లో అయితే బయట ఇంకా ఎండ, పది దాకా చీకటి పడదు. కిటికీకి మందపాటి దుప్పటి కట్టుకోండి.

మొదటి ఏడాది ఈ పనులన్నీ నాకు శిక్షలా అనిపించేవి. రెండో ఏడాది ఒక ఆస్ట్రేలియా కుర్రాడితో గది పంచుకున్నాను. వాడు రేసు ఎలా ఉన్నా, ముందు సైకిల్ కడిగి, తర్వాత టీ పెట్టుకుని, తర్వాతే మాట్లాడేవాడు. క్రాష్ అయి వచ్చిన రోజు కూడా అంతే. వాణ్ని చూసి నేర్చుకున్నదే ఎక్కువ.

తిండి: భయపడక్కర్లేదు, అన్నం తినేవాళ్లం మనం. ప్రో జట్ల బస్సుల్లో కూడా రైస్ కుక్కరే ఉంటుంది. బ్రసెల్స్, ఆంట్వెర్ప్‌లలో ఇండియన్ కొట్లు ఉన్నాయి, గెంట్‌లో కూడా బియ్యం, పప్పులు, పచ్చిమిర్చి దొరుకుతాయి. పెరుగుకి కొరత లేదు. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు, శనివారమే తెచ్చి పెట్టుకోండి. రేసుకి మూడు గంటల ముందు తెల్లన్నం, కోడిగుడ్డు, కాస్త ఉప్పు. రేసు ముందు రోజు రాత్రి పప్పు, ఆకుకూర వద్దు, కడుపు ఉబ్బరంతో గంటకి 45 కిలోమీటర్లు తొక్కడం ఎలా ఉంటుందో చెప్పే ఓపిక నాకు లేదు.

రేసులో గంటకి 60 నుంచి 90 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. ఎనర్జీ జెల్స్ కొంటే జేబు ఖాళీ. ఇక్కడివాళ్లు జిగురు బియ్యంతో రైస్ కేకులు చేసుకుంటారు. నేను మన సోనా మసూరితో ప్రయత్నిస్తే పొడిపొడిగా రాలిపోయి జెర్సీ జేబంతా మెతుకులు. చివరికి తట్టింది చక్కెర పొంగలి. బియ్యానికి నాలుగు రెట్లు పైన నీళ్లు పోసి మెత్తగా గుజ్జయ్యేదాకా ఉడికించి, బెల్లం వేసి, చిటికెడు ఉప్పు, యాలకులు. నెయ్యి ఒక్క చెంచా, పెసరపప్పు అసలు వద్దు, రెండూ అరగడానికి టైమ్ తీసుకుంటాయి. పళ్లెంలో పరిచి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున అగ్గిపెట్టెంత ముక్కలు కోసి ఫాయిల్లో చుట్టాలి. ఫాయిల్ ఒక మూల మడత వదిలిపెట్టండి, గ్లోవ్స్ వేసుకున్న చేత్తో పళ్లతో లాగి విప్పడానికి. మా క్లబ్బువాళ్లు మొదట్లో ఆ గోధుమ రంగు చూసి వెనక్కి తగ్గారు. ఒక్కడు తిన్నాడు. తర్వాతి వారం నుంచి రెండు పళ్లేలు చేయాల్సి వచ్చింది.

మందుల సంచి జాగ్రత్త. ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఊరి రేసే కదా అనుకోకండి, ఇక్కడ ఊరి రేసుల్లో కూడా డోపింగ్ పరీక్షకి రావచ్చు. ఇంటి నుంచి వచ్చేటప్పుడు అమ్మ సర్ది ఇచ్చే సంచి చాలా ప్రమాదకరం. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉండొచ్చు, రేసు రోజుల్లో దానికి పరిమితి ఉంది. నొప్పి మాత్రల్లో ట్రమడాల్ ఉంటే 2024 జనవరి నుంచి పోటీల్లో అది పూర్తిగా నిషేధం, సైక్లింగ్‌లో అయితే 2019 నుంచే. స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు రేసు సమయంలో కుదరవు. ఆయుర్వేద లేహ్యాలు, పొడుల్లో ఏముందో డబ్బా మీద పూర్తిగా రాయకపోవచ్చు, 'నాకు తెలీదు' అనేది జవాబుగా చెల్లదు. ఆస్తమా లాంటి నిజమైన జబ్బు ఉంటే ముందే డాక్టరు పత్రాలతో మినహాయింపు అడగాలి. నేనైతే పారాసెటమాల్, ఓఆర్ఎస్, దెబ్బలకి యాంటీసెప్టిక్ తప్ప ఇంకేమీ తేవద్దంటాను.

ప్రాక్టీసు, రోడ్లు

రోడ్ల గురించి ఒకే ఒక్క సంగతి ప్రాణం మీదికి తెస్తుంది, అది కుడి పక్క నుంచి వచ్చేవాడి హక్కు. వేరే గుర్తు లేకపోతే, మీ కుడి వైపు చిన్న సందులోంచి వచ్చే కారుదే ముందు హక్కు. వాడు ఆగడు, చూడడు. మీరు మెయిన్ రోడ్డు మీద ఉన్నాననుకుంటారు. పైగా మనం ఎడమ పక్కన నడిపే దేశం నుంచి వచ్చాం, తల ముందు తప్పు వైపు తిరుగుతుంది. వచ్చిన మొదటి వారం రేసులు పెట్టుకోకండి, సైకిల్ దారుల మీద మెల్లగా తిరిగి తలకి అలవాటు చేయండి.

సైకిల్ దారి గుండ్రటి నీలం బోర్డుతో ఉంటే అందులోనే వెళ్లాలి. పదిహేను మందికి పైగా గుంపైతే రోడ్డు మీద ఇద్దరిద్దరు చొప్పున వెళ్లొచ్చు. అందుకే ఇక్కడ క్లబ్బు రైడ్లకి జనం కూడగడతారు. షెల్డె నది గట్టు దారి గాలికి ఎదురు తొక్కడానికి మంచి బడి. దారి తప్పుతామనే టెన్షన్ అక్కర్లేదు, కూడళ్లన్నిటికీ నంబర్లుంటాయి, రాత్రి ఓ కాగితం మీద నంబర్లు రాసుకుని పొద్దున వాటిని పట్టుకుని వెళ్లడమే. 1995లో లింబర్గ్ జిల్లాలో మొదలైన పద్ధతి ఇది. ఈ దేశం చేసిన తెలివైన పనుల్లో ఒకటని నా అభిప్రాయం.

గెంట్ నుంచి అవుదెనార్డె ఊరు ముప్పై కిలోమీటర్ల లోపే. ఆ దగ్గర్లోని పాటర్‌బెర్గ్ అనే ఎక్కుడు 360 మీటర్లే, కానీ రాళ్లు పరిచిన దారి, ఒక చోట 20 శాతం వాలు. తడి రాళ్ల మీద లేచి నిలబడితే వెనక చక్రం గిర్రున తిరుగుతుంది తప్ప సైకిల్ కదలదు. కూర్చునే తొక్కాలి, చేతులు వదులుగా పట్టుకోవాలి. టైర్లు 28 మిల్లీమీటర్ల కన్నా సన్నవి తేవద్దు, గాలి మనవాళ్లు కొట్టినట్టు రాయిలా కొట్టొద్దు. బ్రేక్ ప్యాడ్లు మూడు జతలు, చైన్లు రెండు తెచ్చుకోండి. ఒక్క వాన రేసు ఒక జత ప్యాడ్లని సగం తినేస్తుంది.

గెంట్‌లో ట్రామ్ పట్టాలని అడ్డంగా దాటండి, పక్కపక్కన కాదు. సైకిల్ బయట పెట్టకండి, గదిలోనే పడక పక్కన. నాది పోయింది ఒక స్టేషన్ బయట, పది నిమిషాల్లో.

దెబ్బలు, ఇన్సూరెన్సు

పడతారు. ఎంత బాగా తొక్కినా పడతారు. తుంటి చర్మం లేచిపోతే ఆ రాత్రి దుప్పటి దానికి అతుక్కుంటుంది, పొద్దున షవర్ కింద నిలబడి మెల్లగా ఊడదీసుకోవాలి. అది అలవాటవుతుంది. అసలు సమస్య డబ్బు. షెంగెన్ వీసాకి 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్సు తప్పనిసరి, కానీ మామూలు పాలసీల్లో 'పోటీ క్రీడల్లో గాయాలు వర్తించవు' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోటీ క్రీడలు కలిపిన పాలసీయే తీసుకోండి, అది రాతపూర్వకంగా తీసుకోండి. ఇక్కడ డాక్టరుకి ముందు మీరు చెల్లించి తర్వాత ఇన్సూరెన్సు నుంచి రాబట్టుకోవాలి కాబట్టి బ్యాంకులో వెయ్యి యూరోలు ముట్టుకోకుండా ఉంచండి.

నా కాలర్ బోన్ విరిగినప్పుడు ఇంట్లో చెప్పలేదు. మూడు వారాలు వీడియో కాల్‌లో మెడ దాకా స్వెట్టర్ వేసుకుని, ఫోన్ ఎడమ చేత్తో పట్టుకుని మాట్లాడాను. నాలుగో వారం అమ్మ 'కుడి చెయ్యి ఒకసారి పైకెత్తరా' అంది.

ఒంటరితనం

దీని గురించి ఎవరూ అడగరు. ఐర్లాండ్ నుంచి వచ్చిన మేటి ప్రో రేసర్ షాన్ కెల్లీ అంతటివాడు కూడా బ్రసెల్స్ పక్కన విల్‌వోర్డెలో ఒక కుటుంబం ఇంట్లో ఉండి ఏళ్ల తరబడి రేసులు తొక్కాడు. హోటల్లోనో, ఒంటరి స్టూడియోలోనో కాదు, మనుషులున్న ఇంట్లో. మీరూ అలాంటి ఇల్లే వెతుక్కోండి. రేసర్లకి గదులిచ్చే ఇళ్లు గెంట్, అవుదెనార్డె చుట్టుపక్కల ఉన్నాయి, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, అమెరికా కుర్రాళ్లు వేసవంతా ఉంటారు.

ఎరిత్రియా నుంచి వచ్చిన బినియామ్ గిర్మే సంగతి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. స్విట్జర్లాండ్‌లోని యూసీఐ శిక్షణ కేంద్రం ద్వారా యూరప్ వచ్చిన కుర్రాడు. 2022 మార్చి 27న గెంట్-వేవెల్‌గెమ్ అనే పెద్ద ప్రో రేసు గెలిచాడు, అంతకు ముందు ఆఫ్రికా నల్లజాతివాళ్లెవరూ అలాంటి రేసు గెలవలేదు. తర్వాతి ఆదివారమే టూర్ ఆఫ్ ఫ్లాండర్స్. ప్రపంచమంతా తొక్కమంది. అతను ముందు అనుకున్నట్టే భార్యని, చిన్న పాపని చూడటానికి అస్మారా వెళ్లిపోయాడు. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉన్నాడు మరి. రెండేళ్ల తర్వాత టూర్ డి ఫ్రాన్స్‌లో మూడు స్టేజీలు, పాయింట్లలో మొదటివాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీ గెలిచాడు. ఇంటికి వెళ్లినందుకు కెరీర్ ఏమీ పాడవలేదు. మా ఇంట్లో ఉండే కుర్రాళ్లెవరైనా అరవయ్యో రోజు దగ్గర గదిలోంచి బయటికి రాకపోతే ఈ కథ చెప్పి, టికెట్టు తేదీ ముందుకు జరుపుకోమంటాను. జరుపుకున్నవాళ్లలో ఇద్దరు మళ్లీ తర్వాతి ఏడాది వచ్చారు.

మన ఊరితో వేసవిలో మూడున్నర గంటల తేడా. రేసయి, సైకిల్ కడిగి, తిని కూర్చునే సరికి అక్కడ అర్ధరాత్రి. అందుకని ఫోన్ పొద్దున్నే చేయడం మేలు, మనకి ఏడైతే వాళ్లకి పదిన్నర.

డబ్బు లెక్క

యూరో వంద రూపాయల చుట్టూ అనుకుని లెక్కేస్తే మూడు నెలలకి, యూరోల్లో, గది 1,500, తిండి 850, విమానం 700, వీసా, ఇన్సూరెన్సు కలిపి 300, సైకిల్ సామాన్లు 400, రైళ్లు, రేసు ఫీజులు 400. మొత్తం 4,150 యూరోలు, అంటే నాలుగు లక్షల పైచిలుకు. మిగతాది దెబ్బలకి, విరిగే చక్రాలకి. ప్రైజు డబ్బు సున్నా అని రాసుకోండి. రైల్లో సైకిల్‌కి వేరే టికెట్టుంటుంది. పాతిక కిలోమీటర్ల లోపు రేసైతే వీపున సంచి తగిలించుకుని తొక్కుకుంటూనే వెళ్లండి, వార్మప్ కూడా అయిపోతుంది.

ప్రో సంగతి మళ్లీ ఒకసారి. బెల్జియం స్టార్ రేసర్ ఎవెనెపూల్ 2019లో ప్రో అయ్యేటప్పటికి వయసు 18. స్లొవేనియా రేసర్ పొగాచార్ తొలిసారి టూర్ డి ఫ్రాన్స్ గెలిచేటప్పటికి 21, మర్నాడు 22. జట్లు ఇప్పుడు జూనియర్లలోనే ఏరుకుంటున్నాయి. 23 ఏళ్ల వాడు కెర్మిస్‌లో పద్నాలుగో స్థానంలో వస్తే ఎవరూ ఫోన్ చేయరు, నాకు తెలుసు. మన దేశంలో రోడ్ రేసుల్లో మీరు ఇంకో మెట్టు ఎక్కాలంటే మాత్రం ఇక్కడి మూడు నెలలు, అక్కడి మూడేళ్లకి సమానం.

వచ్చే వేసవికి రావాలనుకుంటే జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా పెట్టుకోండి. వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఫెడరేషన్ పత్రానికి మాత్రం అంతకన్నా ముందే కదలండి, అది ఎప్పుడూ చివరి రోజే చేతికొస్తుంది. ప్రెషర్ కుక్కర్ మోసుకురావద్దు, ఇక్కడ ఉంది. బెల్లం మాత్రం రెండు కిలోలు తెచ్చుకోండి, ఇక్కడ దొరికేది పొంగలికి అంత బాగోదు.